చుక్క పాలు లేవన్న సాక్ష్యం

జనవరి 9, గురువారం

ఒంగోలు వినియోగదారుల కమిషన్‌లో ఈరోజు కూడా వాయిదానే. ఆసుపత్రి తరఫు వకీలు రాలేదు. ఆయన జూనియరు వచ్చి ఏదో కాగితం ఇచ్చి వెళ్లాడు. పొదిలి దాకా బస్సులో నిలబడి వచ్చాను.

మా వకీలు ఉమామహేశ్వరిగారు పోయిన నెల, జరిగింది జరిగినట్టు రాసుకు రమ్మన్నారు. తెల్ల కాగితాల మీద రాసి ఇచ్చాను. ఈరోజు చూస్తే ఎర్ర పెన్నుతో సగం కొట్టేసి ఉంది. "ఇది కథ కరుణాకరంగారూ. కేసుకు ఇంత అక్కర్లేదు" అన్నారు. కొట్టేసినవి పారేయడానికి నాకు చేతులు రాలేదు. ఇంటి ఖర్చు రాసుకునే పుస్తకంలో మాటలు రాయకూడదు. ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చిన ఈ డైరీ ఖాళీగా ఉంది.

ఆమె ఉంచింది ఇది. మా పాప ఫెబీ నెలలు నిండకుండా మార్కాపురం ఆసుపత్రిలో పుట్టింది. బరువు కిలోంబావు. అద్దాల పెట్టెలో పెట్టారు. మూడో రోజు నుంచి డబ్బా పాలు పట్టారు. డబ్బా ఆసుపత్రి కింద మందుల షాపులోనే, వాళ్లు రాసిన చీటీ మీద, నేనే కొన్నాను. వారం తిరగకముందే పిల్ల పొట్ట ఉబ్బి నల్లగా మెరిసింది. అంబులెన్సులో గుంటూరు తీసుకుపోయాం. పేగు కుళ్లిందని చాలా భాగం కోసి తీశారు. పిల్ల బతికింది. రెండేళ్లు దాటినా ఏడాది పిల్లలా ఉంటుంది. తిన్నది తిన్నట్టే పోతుంది.

ఆమె కొట్టేసింది ఇది. గుంటూరు డాక్టరు ఆపరేషన్ అయ్యాక చేతులు కడుక్కుంటూ, "ఇంత చిన్న బిడ్డకు డబ్బా ఎందుకు పట్టారు? తల్లికి పాలు లేవా?" అని అడిగాడు. ఉన్నాయి సార్ అన్నాను. ఆయన చేతులు చాలాసేపు తుడుచుకున్నాడు.

నా భార్య లీదియా వార్డులో స్టీలు గిన్నెలోకి పాలు పిండి పంపిస్తే, అద్దాల గది దగ్గర నర్సు తీసుకోలేదు. "బయట పాలు లోపలికి రావు" అంది. తల్లి పాలను బయట పాలు అంది. గిన్నె తెచ్చి చేతులు కడుక్కునే తొట్టిలో వంచేవాళ్లం. ఉమామహేశ్వరిగారు పాల సంగతి ఉంచారు. ఆ తొట్టి దగ్గర పాలు పులిసిన వాసన సంగతి కొట్టేశారు.

జనవరి 10

ఫెబీకి మళ్లీ విరేచనాలు. పలకల ఫ్యాక్టరీకి ఆలస్యంగా వెళ్లాను.

జనవరి 23, గురువారం

ఆసుపత్రి వాళ్ల జవాబు వచ్చింది. డాక్టర్ ఫణికృష్ణ సంతకం. తల్లికి పాలు రానందున, తండ్రి అంగీకారంతో, బిడ్డ ప్రాణం నిలపడానికి డబ్బా పాలు పట్టామని రాశారు. నేను కొన్న డబ్బా బిల్లు జత చేశారు. బిల్లు మీద నా పేరు స్పష్టంగా ఉంది.

"ఈ జబ్బు నెలలు నిండని పిల్లలకు ఎట్లాగైనా రావచ్చు అని వాదిస్తారు. డబ్బా పాల వల్ల ముప్పు ఎక్కువని మనం పుస్తకాలు చూపిస్తాం. కానీ తల్లికి పాలే లేకపోతే ఆ పుస్తకాలు ఎందుకు? పాలు ఉన్నాయని, వాళ్లే వద్దన్నారని తేలితే మన కేసు నిలబడుతుంది. వార్డులో మీ ఆవిడతో ఎవరున్నారు?" అని ఉమామహేశ్వరిగారు అడిగారు.

మా అత్త, లీదియా తల్లి కేథరిన్ ఉంది అన్నాను.

"ఆమెతో ఒక అఫిడవిట్ ఇప్పించండి. చాలు."

బస్సులో లీదియా ఫెబీని ఒళ్లో పడుకోబెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. చీమకుర్తి దాటాక అడిగింది.

"డబ్బులిస్తారో లేదో గానీ బావా, నాకు పాలు ఉన్నాయని ఆ తీర్పు కాగితంలో రాస్తారా?"

"రాస్తారులే."

"ముద్ర గూడా వేస్తారా?"

"వేస్తారు."

"అయితే దాన్ని జిరాక్సు తీసి మన కాలనీలో ప్రతి గుమ్మానికీ అంటిస్తా."

నవ్వుతూనే అంది. నేను నవ్వలేదు. కేసు పిల్ల వైద్యానికి డబ్బు కోసం. అంతకుమించి ఏమీ లేదు. ఆ సంగతి ఆమెకు గుర్తు చేద్దామనుకున్నాను, బస్సులో జనం ఉన్నారు.

ఫిబ్రవరి 2, ఆదివారం

గుడికి వెళ్లాం. ఆరాధన అయ్యాక మా కాలనీ విశ్వాసం తాత భార్య ఫెబీ చెయ్యి పట్టుకుని చూసి, "అయ్యో, తల్లిపాలు తాగని బిడ్డ ఇట్లనే ఉంటాది" అంది. లీదియా వినిపించుకోనట్టు చెప్పులు వెతుక్కుంది.

కాలనీలో ఆ మాట ఎట్లా పుట్టిందో అందరికీ తెలుసు. ఫెబీ గుంటూరు నుంచి ఇంటికి వచ్చాక కృతజ్ఞత కూడిక పెట్టాం. మా వాళ్లలో ఎవరికి మేలు జరిగినా పెడతారు. పాట, ప్రార్థన, మేలు పొందినవాళ్ల సాక్ష్యం, తర్వాత భోజనం. అప్పటికి మాకు పేగు ఎందుకు కుళ్లిందో ఎవరూ విడమర్చి చెప్పలేదు. సమయానికి అంబులెన్సు ఎక్కించిన దేవుడనుకుని డాక్టర్ ఫణికృష్ణను పిలిచాం. ఆయన వచ్చాడు. శాలువా కప్పాం. తన సీసాలో నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు.

ఆరోజు సాక్ష్యం చెప్పింది అత్త. అత్త సాక్ష్యం చెబితే గిద్దలూరు వైపు నుంచి కూడా జనం వస్తారు. ఏమేం చెప్పిందో నాకు పూర్తిగా తెలియదు. ఆ సమయానికి నేను అన్నం వండేవాళ్ల దగ్గర ఉన్నాను. తర్వాత జనం చెప్పుకుంటుంటే తెలిసింది.

అత్త మీద నాకు కోపం లేదు.

ఫిబ్రవరి 20, గురువారం

ఒంగోలు. ఈరోజు వాళ్ల పెద్ద వకీలే వచ్చాడు. ఒక వీడియో ఉందని, చూడాలని కమిషన్‌ను కోరాడు. మా పాస్టరు పాల్ రాజు అయ్యగారి యూట్యూబ్ ఛానల్లో ఉన్న మా కృతజ్ఞత కూడిక. ఎవరైనా చూడవచ్చు కదా, చూశారు.

అత్త తెల్లచీర కొంగు నిండుగా కప్పుకుని మైకు పట్టుకుంది. గొంతు గంటలా ఉంది.

"నా బిడ్డ రొమ్ములో చుక్క పాలు లేవు. ఎండిన బావి. పిండితే నెత్తురు వచ్చింది గానీ పాలు రాలే. నేను వార్డులో మోకాళ్ల మీద పడి ఏడిసినా. ఏలీయాకు కాకుల చేత ఆహారం పంపిన దేవుడు, ఈ డాక్టరు బాబు చేత నా మనవరాలికి డబ్బా పాలు పంపినాడు. స్తోత్రం చెప్పండి."

అందరూ స్తోత్రం అన్నారు. వీడియోలో లీదియా పిల్లను పట్టుకుని ఆమె పక్కనే ఉంది. తల ఊపింది. లీదియా పక్కన నేను ఉన్నాను. ఫెబీ సంచి ఒళ్లో పెట్టుకుని నేలకేసి చూస్తున్నాను.

నేను అన్నం దగ్గరికి వెళ్లింది ఆ తర్వాతనేమో.

కమిషన్ అధ్యక్షుడు కళ్లజోడు తీసి మా వైపు చూశాడు. మా వకీలు లేచి, ఇది మతపరమైన భాష, దీన్ని సాక్ష్యంగా తీసుకోరాదు అన్నారు. వాళ్ల వకీలు, "గుడిలో దేవుడి ముందు ప్రమాణంగా చెప్పిన మాట సార్. ఇంతకన్నా నమ్మదగిన మాట ఎవరు చెప్తారు?" అన్నాడు. ఆయన మా మతంవాడు కాదు. అయినా మా గుడిని మాకన్నా ఎక్కువ నమ్మినట్టు మాట్లాడాడు.

బస్టాండులో లీదియా అంది, "నువ్వు పక్కనే కూర్చున్నావు గదా బావా."

టికెట్లు తెస్తానని లేచాను.

ఫిబ్రవరి 21

పని ఎక్కువ. పలకలు రెండు లారీలు వెళ్లాయి. ఇంకేమీ లేదు.

మార్చి 2, ఆదివారం

గుడికి పోకుండా ఫెబీని తీసుకుని అత్త ఊరు వెళ్లాను. గిద్దలూరులో దిగి ఆటో. అత్త మిరప కళ్లంలో ఉంది. ఆదివారమైనా ఏరుడు పని, ఎండ పోతే కాయ పాడవుతుందని. ఆరాధన పొద్దున్నే ముగించుకుని వచ్చారట. కొంగు ముక్కుకు కట్టుకుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. మమ్మల్ని చూసి లేచి వచ్చింది. ఫెబీ చేతులు చాచింది.

"చేతులకు మంట ఉంది నాయనా. పిల్లను నువ్వే ఎత్తుకో" అని మోచేతులతో ఫెబీ వీపు నిమిరింది. చింతచెట్టు నీడకు పోయి కూర్చున్నాం. నేను ఎట్లా మొదలుపెట్టాలో తెలియక చెప్పులు తుడుస్తూ కూర్చున్నాను.

"కోర్టు సంగతికి వచ్చినావు. లీదియా ఫోను చేసింది. అడుగు" అంది.

"లీదియాకు పాలు ఉన్నాయని నువ్వు చూసినావు గదా అత్తా."

"చూడక? గిన్నె పట్టింది నేనే గదా. నర్సు వద్దంటే తొట్టిలో పోసింది గూడా నేనే. పోసిన ప్రతిసారీ ప్రభువా క్షమించు అనుకున్నా. బిడ్డ పాలు పారబోస్తే పాపం."

"మరి చుక్క లేదని ఎందుకు చెప్పినావు?"

అత్త నన్ను చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు చూసింది.

"సాక్ష్యం అట్లనే చెప్తారు అల్లుడా. లేనిది చెప్తేనే గదా ఆయన ఇచ్చింది కనపడేది. ఉండాయి, అయినా డబ్బా తెచ్చినాం అంటే అందులో దేవుడు యాడున్నాడు? మీ విశ్వాసం తాత జొరం తగ్గితే చచ్చి లేచినా అని చెప్పినాడు. చచ్చినట్టు సర్టిఫికెట్ ఏదని ఎవురన్నా అడిగినారా?"

నాకు నవ్వు వచ్చింది. ఆమెకూ వచ్చింది. ఫెబీ మా ఇద్దరినీ చూసి అర్థం కాకుండానే నవ్వింది.

"ఈ మాటే ఒంగోలు వచ్చి చెప్పు అత్తా. నువ్వు చెప్పినట్టే రాసుకుంటారు."

"ఏమని? దేవుని మందిరంలో అబద్ధం చెప్పినా అనా?"

"అబద్ధం అని కాదు. మాట వరసకి."

"ప్రభువు ముందర మాట వరస ఉండదు." కళ్లంలో ఎర్రగా ఆరబోసిన కాయల వైపు చూసింది. "ఈళ్లంతా నన్ను కూలికి పిలిచేటప్పుడు ఓసే కేథరీ అంటారు. నిన్నగాక మొన్న పుట్టినోళ్లు గూడా. ఆదివారం మైకు కాడ మాత్రం కేథరమ్మగారు సాక్ష్యం చెప్తారు అంటారు. వారంలో ఆ ఒక్క గంట నాకు గారు ఉంటాది. అది గూడా తీసేస్తావా?"

నన్ను ఎవరూ ఎక్కడా గారు అనరు, ఒంగోలులో వకీలమ్మ తప్ప.

వచ్చేటప్పుడు కొంగు ముడి విప్పి ఫెబీకి బిస్కెట్ ప్యాకెట్ ఇవ్వమని నాకే ఇచ్చింది. ఆ బిస్కెట్లు ఫెబీ తినకూడదు. తీసుకున్నాను.

మార్చి 3

అత్త మీద నాకు కోపం లేదు. పాపం ఆమెకు చదువు లేదు. నాకు మాత్రం ఏముంది, పలకల కార్ఖానాలో పగిలిన ముక్కల మీద దిద్దుకున్న అక్షరాలు. కోపం లేదు.

మార్చి 4, మంగళవారం

పాల్ రాజు అయ్యగారు కబురు పెట్టారు. వెళ్లాను. కుర్చీ చూపించారు, అంటే విషయం పెద్దది.

"ఏంది కరుణాకరం, మన వీడియో అబద్ధమని కోర్టులో చెప్పించబోతున్నావట?"

"పాలు ఉన్నాయని చెప్పిస్తున్నా అయ్యగారూ."

"రెండూ ఒకటే గదా. రేపు మన ఛానల్లో ఏ సాక్ష్యం చూసినా జనం ఏమనుకుంటారు? క్యాన్సరు తగ్గింది అని చెప్పిన అక్కను గూడా కోర్టుకు పిలుస్తారు."

ఆ అక్క పోయిన సంవత్సరమే చనిపోయింది. ఆ మాట అనలేదు.

"డాక్టరు బాబు మంచోడు. మన గుడిలో మెడికల్ క్యాంపు పెట్టినాడు. పిల్ల వైద్యానికి ఎంతో కొంత ఇస్తానంటున్నాడు. నేను మాట్లాడి పెడతా. తగవు ఎందుకు? రాజీ పడు."

ఆలోచిస్తానన్నాను. లేచేటప్పుడు తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. నా కోసమే చేశారు. అందులో డాక్టరు పేరు కూడా ఉంది.

ఏప్రిల్ 18, శుభ శుక్రవారం

సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలు గుడిలో చదివారు. ఐదో మాట, దప్పిగొనుచున్నాను. ఆ మాట చదివేటప్పుడు లీదియా లేచి బయటికి పోయింది.

జూన్ 11, బుధవారం

రాజీ కాగితం అయ్యగారు తెచ్చి ఇచ్చారు. మేము కేసులో అడిగినదానిలో సగం ఇస్తారు. ఫెబీకి డాక్టర్లు ఇప్పుడు రాసే పొడి ఉంది. అదీ డబ్బానే. పేగు సగం పోయిన పిల్లకు మామూలు పాలు అరగవు, ఆ పొడే కలిపి పట్టాలి. ఒక్క డబ్బా నాలుగు రోజులు కూడా రాదు. ఆ డబ్బుతో పిల్ల పెద్దయ్యేదాకా గడుస్తుంది.

కాగితంలో ఒక వాక్యం ఉంది. "తల్లికి పాలు లేనందువలన ఇరుపక్షాల అంగీకారంతో బిడ్డకు డబ్బా పాలు ఇవ్వబడినవి, ఆసుపత్రి కేవలం మానవతా దృష్టితో ఈ మొత్తం ఇచ్చుచున్నది." కింద ఇద్దరం సంతకం పెట్టాలి.

లీదియా రెండుసార్లు చదివింది.

"ఈ లైను తీసేస్తే సంతకం పెడతా."

అయ్యగారు ఫోను చేసి అడిగారు. ఆ లైను లేకపోతే డబ్బు లేదన్నారు అవతలివాళ్లు. ఆ లైను కోసమే డబ్బు.

"అమ్మా లీదియా, ఒక్క లైను. ఎవురు చదువుతారమ్మా?" అన్నారు అయ్యగారు.

"నేను చదువుతా అయ్యగారూ."

ఆయన నా వైపు తిరిగారు. లీదియా కూడా నా వైపు తిరిగింది. ఫెబీ నేల మీద కూర్చుని చెంచాతో గ్లాసు కొడుతోంది.

"దాని ఇష్టం" అన్నాను.

అట్లా అన్నందుకు లీదియాకు తోడు నిలబడ్డానని అయ్యగారు అనుకున్నారు. లీదియా అట్లా అనుకోలేదు. నేను ఏమనుకున్నానో నాకు తెలియదు.

జూన్ 13

నేను ఆమెను ఏమీ అనలేదు. రెండు రోజులుగా ఫ్యాక్టరీలోనే తింటున్నాను. పని ఎక్కువగా ఉంది.

జూన్ 14

పని ఎక్కువేమీ లేదు.

జులై 17, గురువారం

ఒంగోలు. కమిషన్‌వాళ్లు లీదియాను ముందుకు పిలిచి అడిగారు. రాసిన కాగితాలు చాలవట, నోటితో వినాలట. కొంగు తల మీద వేసుకుంది. అధ్యక్షుడు, "ఇది గుడి కాదమ్మా, మామూలుగా ఉండు" అన్నాడు. కొంగు తీయలేదు.

"నీకు పాలు ఉన్నాయా?"

"ఉన్నాయి సార్."

"మరి మీ అమ్మ చుక్క లేదంటే తల ఊపావు."

"గుళ్లో అమ్మ మాట్లాడతాంటే ఊపకుండా ఎట్ల ఉంటారు సార్? ఆమె దేవుణ్ణి పెద్ద చెయ్యాలనుకుంది. నన్ను చిన్న చేస్తే గానీ ఆయన పెద్దోడు కాలేదు."

హాల్లో ఎవరో నవ్వారు. వాళ్ల వకీలు లేచాడు.

"గిన్నె నిండా పాలు వచ్చేవంటున్నావు. ఎంత గిన్నె? ఎంత వచ్చేవి? ఎవరు కొలిచారు?"

"బిడ్డకు పట్టే పాలు ఎవురు కొలుస్తారు సార్."

"అంటే రుజువు లేదు."

"అప్పుడు ఉన్నింది. తొట్టిలో పోసినాం."

ఆమె తిరిగి వచ్చి నా పక్కన కూర్చుంది. వాళ్ల పెద్ద వకీలు పొగిడినట్టే అన్నాడు, "చక్కగా మాట్లాడుతుంది. తల్లి పోలిక." దానివల్ల నష్టమేనని మా వకీలు ముఖం చూస్తే అర్థమైంది.

నన్ను పిలవలేదు. పిలిస్తే చెప్పేవాణ్ణి.

ఆగస్టు 8

ఫెబీ బరువు పోయిన నెలకన్నా తగ్గింది.

సెప్టెంబరు 25, గురువారం

తీర్పు.

ఉమామహేశ్వరిగారు ముందు మంచిమాట చెప్పారు. తల్లి రాతపూర్వక అనుమతి తీసుకోకుండా డబ్బా పట్టినందుకు, ఆసుపత్రిలోనే డబ్బాలు అమ్మినందుకు, గోడ మీద ఆ పాల డబ్బా కంపెనీ బొమ్మ పెట్టినందుకు ఆసుపత్రిది సేవాలోపమే అని కమిషన్‌వాళ్లు అన్నారు. నష్టపరిహారం ఇమ్మన్నారు. మేము అడిగినదానిలో పదో వంతు. రాజీ కాగితంలో ఉన్నదానిలో ఐదో వంతు. గుంటూరు ఆపరేషన్ అప్పులో ఒక భాగం తీరుతుంది.

తర్వాత రెండో మాట. పేగు జబ్బు డబ్బా పాల వల్లనే వచ్చిందని తేలలేదు. ఎందుకంటే, "ఫిర్యాదుదారు సొంత తల్లి స్వచ్ఛందంగా, బహిరంగంగా చేసిన ప్రకటనను బట్టి, ఆ సమయంలో బిడ్డ తల్లికి పాలు లేవని ఈ కమిషన్ భావిస్తున్నది." వకీలమ్మ ఇంగ్లిషులో ఉన్నదాన్ని తెలుగులో చెబుతుంటే, లీదియా ఆ చోటు మీద వేలు పెట్టి చూపించమంది. వేలు అక్కడే ఉంచుకుంది.

"ముద్ర ఉందా మేడం?"

"ఉందమ్మా. ప్రతి పేజీ మీదా ఉంటుంది."

"సరే."

జిరాక్సు సంగతి నాకు గుర్తొచ్చింది. ఆమెకూ వచ్చే ఉంటుంది. పై కమిషన్‌కు అప్పీలు చేద్దామని మా వకీలు అన్నారు. చేద్దామన్నాను.

అత్త మీద నాకు కోపం లేదు.

అక్టోబరు 12, ఆదివారం

మేము గెలిచామని పాల్ రాజు అయ్యగారు తేల్చారు. కోర్టులో మేలు జరిగింది కాబట్టి కృతజ్ఞత కూడిక పెట్టాలన్నారు. వద్దన్నాను. "దేవునికి వద్దని చెప్తావా?" అన్నారు. డబ్బు ఇంకా చేతికి రాలేదన్నాను. విశ్వాసంతో పెట్టమన్నారు. ఈసారి డాక్టరును మాత్రం పిలవలేదు.

అత్త గిద్దలూరు బస్సుకు వచ్చింది. అదే తెల్లచీర. తీర్పు సంగతి లీదియా ఆమెకు ఫోనులో చెప్పి ఉంది. ఏం చెప్పిందో నాకు తెలియదు. తల్లీకూతుళ్లు వంటింట్లో ఒకే పీట మీద కూర్చుని ఉల్లిపాయలు తరిగారు. మాటలు వినపడలేదు.

రెండు పాటలయ్యాక అయ్యగారు, "ఇప్పుడు మన కేథరమ్మగారు సాక్ష్యం చెప్తారు" అన్నారు. అందరూ సర్దుకుని కూర్చున్నారు. సెల్‌ఫోను స్టాండు మీద రికార్డు అవుతోంది. అత్త లేచి మైకు పట్టుకుంది. ప్రభువుకు స్తోత్రం అంది. అందరూ స్తోత్రం అన్నారు. ఆ తర్వాత ఆమె నోరు కదలలేదు. మైకులో ఊపిరి మాత్రం వినపడుతోంది. ఫెబీ ముందు చాప మీద కూర్చుని ఆమెనే చూస్తోంది.

"నాకు గొంతు బాగలేదు అయ్యగారూ" అని మైకు కింద పెట్టి కూర్చుంది.

అత్తకు మైకు దగ్గర గొంతు బాగలేకపోవడం ఎవరూ ఎరుగరు. అయ్యగారు సర్దుకుని, "అయితే అల్లుడు చెప్తాడు, రా కరుణాకరం" అన్నారు. ఈ గుడిలో నేను ఎప్పుడూ నోరు తెరవలేదు. పాట కూడా పెదాలతోనే పాడతాను. ఎట్లా లేచానో తెలియదు. మైకు పట్టుకోలేదు.

"నా భార్యకు పాలు ఉన్నాయి. గిన్నెలోకి పిండేది. ఆసుపత్రోళ్లు వద్దన్నారు. తొట్టిలో పోసినాం. నేను చూసినా. అంతే."

అంత చిన్న సాక్ష్యం అక్కడ ఎవరూ చెప్పలేదు. స్తోత్రం ఎక్కడ చెప్పాలో జనానికి తెలియలేదు. విశ్వాసం తాత అలవాటుగా నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. అయ్యగారు పాట ఎత్తుకున్నారు.

భోజనాల దగ్గర అందరూ కూర బాగుందన్నారు. లీదియా నాకు వడ్డిస్తూ కూర ఎక్కువ వేసింది. చాలు అన్నా వేసింది.

అక్టోబరు 13

అయ్యగారి ఛానల్లో వీడియో పెట్టారు. పాటలు ఉన్నాయి. అత్త స్తోత్రం చెప్పడం ఉంది. ఆ తర్వాత చివరి పాట. లీదియా చివరిదాకా చూసి ఫోను నా చేతికి ఇచ్చింది.

"నీది లేదు."

"లేదు."

పాతది ఉందా అని వెతికాను. ఉంది. చాలామంది చూశారు.

అక్టోబరు 16, గురువారం

పొద్దున్నే అత్త మా గుమ్మంలో ఉంది. ఊరికి పోకుండా కాలనీలో చుట్టాల ఇంట్లో ఆగిపోయిందట. "పాండి, ఒంగోలు పోదాం" అంది. ఎందుకని మేము అడగలేదు.

ఉమామహేశ్వరిగారి ముందు కుర్చీలో అంచు మీద కూర్చుని, "రాయి తల్లీ. నా బిడ్డకు పాలు ఉన్నాయి. గిన్నె పట్టింది నేనే, పారబోసింది నేనే. గుళ్లో చెప్పింది నిజం కాదు" అంది. నిజం కాదు అనేటప్పుడు కొంగు తల మీది నుంచి జారింది. సర్దుకోలేదు.

వకీలమ్మ పెన్ను తీయలేదు.

"ఇది మార్చిలో కావలసింది పెద్దమ్మా. అప్పీల్లో కొత్త సాక్ష్యం తీసుకోవడం చాలా కష్టం. తీసుకున్నా, అప్పుడొక మాట, ఇప్పుడొక మాట అంటారు. దీనికి విలువ ఉండదు."

"విలువ లేకుంటే లేకపోయె. రాయి."

ఆమె నా వైపు చూశారు. రాయండి మేడం అన్నాను. గుమస్తా టైపు చేశాడు. నోటరీ ముద్ర పడింది. అత్త బొటనవేలు సిరాలో అద్ది, పడాల్సినంత కన్నా గట్టిగా నొక్కింది. ఒక కాపీ లీదియాకు ఇచ్చారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు నిండుగా ఉంది. లీదియా ముందు సీటులో ఫెబీతో కూర్చుని ఆ కాగితం చదువుతోంది. పైకి చదవడం లేదు, పెదాలు కదులుతున్నాయి. అయిపోయాక మళ్లీ మొదటి నుంచి. ముద్ర మీద ఫెబీ గోరుతో గీకుతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

అత్త సిరా వేలిని కొంగుకు తుడుచుకుంటూ, "వచ్చే ఆదివారం నన్ను పిలవరు గదా అల్లుడా?" అంది.

"పిలవరు."

ఇన్నాళ్లూ ఇందులో రాసింది నిజం కాదు. అత్త మీద నాకు కోపం ఉంది. మార్చిలో ఉంది, ఈరోజూ ఉంది, రేపు కూడా ఉంటుంది. పొదిలిలో సీటు ఖాళీ అయితే ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టి నేను నిలబడ్డాను.